తిథి ఋణము

చంద్రునకు మన వాఙ్మయమున పెక్కు నామములు గలవు. వానిలో ఓషధీశుడు అనునది యొకటి. అమరసింహుడు తన నిఘంటువున చంద్రుని పేర్లను చెప్పుచు దీనిని చేర్చియున్నాడు. ఓషధులనగా పండినంతనే ఎండిపోవు పైరులు. వరి, జొన్న, పెసర మున్నగు ధాన్యములన్నియు ఓషధులే. మన కడుపు నింపెడి ఆ పైరులకు చంద్రుడు ప్రభువని ఆ నామమునకు భావము. శ్రీమద్భగవద్గీత 15వ అధ్యాయమున సైతము, రసస్వరూపుడగు సోముని రూపమున సమస్తౌషధులను పోషించువాడను నేనేయని భగవానుడు అర్జునునకు తెలిపియున్నాడు. ఇట్టి మాటలను వినుచు పెరిగిన జాతి, విత్తు చేతబట్టినపుడు ఆకాశమువంక చూచుటలో వింత యేమియు లేదు.

శుక్లపక్షమున నాటిన మొక్క చంద్రునితోపాటు పెరుగునని, కృష్ణపక్షమున నాటినది కృశించునని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఆకును, పూవును, కాయను ఇచ్చు మొక్కలను వెన్నెల పెరుగు దినములలోను, నేలలో ఊరెడి దుంపలను వెన్నెల తరుగు దినములలోను పెట్టవలెనని మరికొందరు విభాగించి చెప్పుదురు. కృష్ణపక్షమున నరికిన వెదురు పుచ్చదని వేరొక నమ్మకము. అమావాస్యనాడు అరక కట్టని రైతులు తెలుగునాట నేటికిని గలరు.

ఈ మాటలు నిజమా? నిజము కానిచో వానిని పాటించుట దోషమా? నిజమైనచో పాటింపకుండుట దోషమా? పైకి ఇవి తోటమాలి ప్రశ్నలవలె కనబడును. లోతుగా చూచినచో వీనియందు ధర్మవిషయ మొకటి ఇమిడియున్నది. మన నమ్మకము మనతోనే ఆగిపోవునా, లేక దాని ఫలమును, భారమును ఇతరులు కూడ మోయుచున్నారా? ఈ విషయమును సికింద్రాబాదు మోండా మార్కెట్టును దృష్టియందుంచుకొని విచారింతము. అచ్చటికి పోవుటకు ముందు, చంద్రునకును మొక్కకును గల సంబంధమును గూర్చి తెలిసినంతవరకు నిష్పక్షపాతముగా చూడవలసియున్నది.

కొలిచి చూచిన మాట

ఇట్టి విశ్వాసము మన దేశమునకే పరిమితమైనది కాదు. క్రీస్తుశకము 1వ శతాబ్దమునందలి రోమను పండితుడు ప్లినీ, కోతకును నరకుటకును చంద్రుడు క్షీణించు దినములే మేలని తన ప్రకృతి చరిత్రలో వ్రాసియుంచెను. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అను తత్త్వవేత్త సేద్యమును గూర్చి ఉపన్యసించుచు చంద్రాది గ్రహముల ప్రభావమును బోధించెను. ఆయన మార్గము ననుసరించిన మరియా థూన్ అను జర్మను మహిళ 1960ల నుండి చంద్రగతినిబట్టి విత్తన పంచాంగములను ప్రకటించుచు వచ్చినది. కావున ఇది పల్లెటూరి అమాయకత్వమని కొట్టివేయుట తగదు. మనుష్యుడు ఎచ్చట నేలను దున్నెనో అచ్చటనెల్ల చంద్రుని చూచియేయున్నాడు.

సముద్రమునే పొంగించు చంద్రుడు మొక్కలోని రసమును పొంగింపలేడా యని కొందరు వాదింతురు. వాదము వినుటకు ఇంపుగానే యున్నది. కాని కొలిచి చూడవలెను. సముద్రమును పొంగించు చంద్రుని శక్తి, భూమి మనలను పట్టియుంచు శక్తిలో సుమారు కోటింట నొక వంతు మాత్రమే. అపారమైన జలరాశియందు ఆ స్వల్పశక్తియే కూడివచ్చి పోటుగా లేచును. మూరెడు మొక్క కాండమునందు అట్లు కూడివచ్చుటకు తావు లేదు. అంతియేగాక సముద్రపు పోటు పూర్ణిమనాడు ఎంత హెచ్చునో అమావాస్యనాడును ఇంచుమించు అంతయే హెచ్చును. పున్నమి రసమును పెంచును, అమావాస్య తగ్గించును అను మాటకు సముద్రము సాక్ష్యము చెప్పదు.

ఇక వెన్నెల ప్రభావమందమా, నిండుపున్నమి వెలుగు ఎండవెలుగులో నాలుగు లక్షలవ వంతునకు మించదు. ఆకు తన ఆహారమును వండుకొనుటకు అది చాలదు. 2020లో స్పెయిను దేశమునందలి వలెన్సియా విశ్వవిద్యాలయ పండితులు ఈ విషయముపై వెలువడిన గ్రంథములను, పరిశోధనలను సమీక్షించి, చంద్రకళలకును పైరు పెరుగుదలకును సంబంధము గలదనుటకు నమ్మదగిన ఆధారము లేదని తేల్చిరి.

అట్లని చంద్రుని ఎరుగు మొక్కయే సృష్టిలో లేదనుటయు సాహసమే యగును. మధ్యధరా సముద్రప్రాంతమున ఎఫెడ్రా జాతికి చెందిన యొక పొద గలదు. అది జూలై మాసపు పున్నమి రాత్రులలో తేనెబొట్లవంటి బిందువులను స్రవించును. వెన్నెలలో మెరయు ఆ బొట్లకు రాత్రించర కీటకములు వచ్చి పరాగమును చేరవేయును. ఈ సంగతిని స్వీడను శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిరి. భగవంతుని సృష్టిలో ఒక్క సూత్రమును అన్నిటికిని అంటగట్టుట కుదరదనుటకు ఈ పొద యొక తార్కాణము.

మన కలువ సంగతి ఇంకను విచారింపదగినది. చంద్రుని కుముదబాంధవుడని పిలుచుచున్నాము. కాని రాత్రి వికసించు జాతి కలువ పున్నమినాడు విచ్చినట్లే అమావాస్య చీకటియందును విచ్చును. దానిని పిలుచునది రాత్రియే. ఇంతమాత్రమున కవులు అసత్యమాడిరని యెవరందురు? వారు చెప్పినది మనస్సునకు సంబంధించిన సత్యము. మనస్సునకు సంబంధించిన మాటను కొలనునకు సంబంధించిన మాటగా గ్రహించినపుడే చిక్కు కలుగును.

ఆ చిక్కు పొలములో నష్టముగా పరిణమింపవచ్చును. విత్తు మొలకెత్తుటకు పదును, వెచ్చదనము, గాలి కావలెను. తొలకరి పదును రెండు మూడు ఎండలకే ఆరిపోవును. అష్టమి యని, నవమి యని ఆగినవాని చేను ఆ రెండు దినములకే బీడుపడవచ్చును. కౌలునకు తీసికొన్న చేనైనచో ఆ నష్టము అప్పుగా మారి ఇంటిల్లిపాదిని పీడించును. వెదురు విషయమును చూడుడు. వెదురులోని పిండిపదార్థమును ఆశించి పురుగు దానిని తొలుచును. నరికిన వెదురును కొన్నినాళ్ళు నీట నానవేసినచో ఆ పిండి తగ్గి, పురుగు బెడదయు తగ్గును. నానవేయు శ్రమను మాని కృష్ణపక్షమును నమ్ముకొని కూర్చున్నవాడు చంద్రుని గౌరవించినవాడగునా? తన పనిని చంద్రునిపై మోపినవాడగును.

పెద్దలు చేసిన దిద్దుబాటు

మన పూర్వులకు ఈ సంగతి తెలియదనుకొనుట పొరపాటు. తెలుగు రైతు వానను లెక్కించునది చంద్రునిబట్టి గాక కార్తెలనుబట్టి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున సంచరించు 13, 14 దినముల కాలమే కార్తె. రోహిణి యెండలు, మృగశిర చినుకులు, ఆరుద్ర వానలు అన్నియు సూర్యునిబట్టి ఏర్పడిన లెక్కలే. మృగశిర కార్తె ఏటేట జూన్ మొదటివారము చివరనే ప్రవేశించును. తిథి యట్లు నిలుకడగా నుండదు. జ్యేష్ఠ పూర్ణిమ యగు ఏరువాక పున్నమి 2023లో జూన్ 4న వచ్చినది. అధిక జ్యేష్ఠము గల 2026లో అది జూన్ 29వ తేదీకి జరిగినది. ఇరువదియైదు దినముల అంతరము! వానకారు పంటకు ఇరువదియైదు దినములనగా ప్రాణసమానము. అందుచేతనే మన రైతు ఏరువాక పున్నమినాడు ఎద్దులను అలంకరించి, నాగలికి పూజచేసి, విత్తుటకు మాత్రము కార్తెను, పదునును చూచుకొనెను. పండుగను చంద్రునకును, పనిని సూర్యునకును, వర్షమునకును ఇచ్చెను.

అధికమాస మనునదే ఈ వివేకమునకు గొప్ప నిదర్శనము. అమావాస్యనుండి అమావాస్యకు సుమారు ఇరువదితొమ్మిదిన్నర దినములు. పన్నెండు చాంద్రమాసములు కలసి 354 దినములు. సూర్యుని యేటికి 365 దినములు. ఏటికి పదునొకండు దినములు తరుగుచుండును. ఈ తరుగును దిద్దక విడిచినచో, ఉగాది వేపపూతను వీడి చలికాలమునకును, ఆ పిదప వానకాలమునకును వెనుకకు జరిగిపోవును. బ్రతుకమ్మకు గునుగు పూవు దొరకకుండును. కావున ముప్పదిరెండు, ముప్పదిమూడు మాసముల కొకమారు ఒక మాసమును అధికముగ చేర్చి, చంద్రుని మరల ఋతువుతో కలిపిరి.

ఈ దిద్దుబాటులో మన పెద్దల మనస్సు తెలియుచున్నది. పండుగనాటికి పూవు పూయలేదని వారు పూవును నిందింపలేదు. పూవుతో కలియునట్లు పంచాంగమునే సవరించుకొనిరి. కృషిపరాశర మను ప్రాచీన గ్రంథమునందును ఇదే రీతి కనబడును. విత్తుటకు తగిన మాసములను, నక్షత్రములను వివరించు ఆ గ్రంథమే, స్వయముగ చూచుకొన్న సేద్యము బంగారమగునని, చూచుకొననిది దైన్యమగునని స్పష్టముగా హెచ్చరించుచున్నది. ముహూర్తము చెప్పిన నోటితోనే జాగరూకతయు చెప్పిరి. మనము మొదటిదానిని గుర్తుంచుకొని రెండవదానిని మరచితిమి.

గంపలలో చంద్రుడు

చంద్రకళలకును పైరు పెరుగుదలకును సంబంధము రుజువుకాలేదు గనుక, తోటకు చంద్రునితో పనియే లేదని తేల్చవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము మోండా మార్కెట్టులో లభించును.

నిజాము సికందర్ జా పేరిట 1806లో సికింద్రాబాదు అను నామము ఏర్పడినది. 1874లో అచ్చటికి రైలుమార్గము వచ్చినది. ఆ రైలుస్టేషనునకును, 1815లో వెలసినదని ప్రతీతి గల ఉజ్జయినీ మహంకాళి దేవాలయమునకును చేరువలోనే మోండా మార్కెట్టు కలదు. టోకు కూరగాయల వ్యాపారము బోయినపల్లికి తరలిపోయినను, చుట్టుప్రక్కల గృహస్థులకు కూరలు, పూలు, పూజాద్రవ్యములు కొనుటకు నేటికిని అదియే నెలవు. పంచాంగము చూడకయే ఆ సందులలో నడచి ఆనాటి తిథిని చెప్పవచ్చును. బూడిద గుమ్మడికాయలును, దారమునకు గ్రుచ్చిన నిమ్మకాయ మిరపకాయలును బారులు తీరినచో అమావాస్య. వేపపూవు, మామిడి పిందెలు, కొత్త చింతపండు, కొత్త కుండలు ఒక్కచోట చేరినచో చైత్ర శుద్ధ పాడ్యమి. గరిక, మాచీపత్రి, ఉత్తరేణి, వెలగకాయ కనబడినచో భాద్రపద శుద్ధ చవితి. తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా దిగినచో మహాలయ అమావాస్య వచ్చినది, ఎంగిలిపూల బ్రతుకమ్మ ఆరంభమైనది. ఉసిరికొమ్మ కార్తిక శుద్ధ ద్వాదశిని, కందగడ్డల రాశి మహాశివరాత్రిని తెలుపును. చెరకుగడలు, రేగుపండ్లు వచ్చు సంక్రాంతి యొక్కటి మాత్రము సూర్యుని పండుగ.

ఈ గంపల వెనుక నున్న తోటలను తలంపవలెను. కందగడ్డనే తీసికొనుడు. దీపావళి అమావాస్య మరునాటినుండి మాఘ బహుళ చతుర్దశి యగు మహాశివరాత్రి వరకు నాలుగు చాంద్రమాసములకు ఒక దినము తక్కువ, అనగా సుమారు 117 దినములు. తీగముక్కను నాటిననాటినుండి దుంప ఊరుటకు కావలసిన కాలమును ఇంచుమించు అంతియే. శివరాత్రి ఉపవాసమునకు మనము కందగడ్డను కొందుము గనుక, దానిని పండించువాడు దీపావళి దినములనుండియే లెక్కవేసికొనవలెను. బంతిపూవును చూడుడు. నారు పోసినది మొదలు పూవు కోయువరకు రెండు రెండున్నర మాసములు పట్టును. విజయదశమి 2025లో అక్టోబరు 2న వచ్చినది. 2026లో అది అక్టోబరు 20వ తేదీకి జరిగినది. ఇంగ్లీషు తేదీని నమ్మి కిందటి యేటి దినముననే నారు పోసినవాని తోట, దసరాకు పదునెనిమిది దినములు ముందుగనే పూచి నిలిచియుండును. కావున బంతితోట వేయువాడు చంద్రుని చూడక తప్పదు.

ఇందలి విశేషమును గ్రహింపుడు. దుంపను చంద్రుడు పిలువలేదు. పూవును చంద్రుడు పూయింపలేదు. తిథిని పాటించు భక్తుడు పిలిచినాడు, పూయించినాడు. మొక్క వేరునందు లేని చంద్రశక్తి మన భక్తియందు గలదు. మన ఉపవాసము, మన వ్రతము, మన దీపము పల్లెలోని నేలపై ఎకరముల కొలది విత్తులను నాటించుచున్నవి. ఓషధీశుడను బిరుదునకు ఇంతకన్న ప్రత్యక్షమైన అర్థము మరియొకటి కనబడదు. చంద్రుడు మనుష్యుని మనస్సు ద్వారా తోటను శాసించుచున్నాడు.

కొన్నవాని బాధ్యత

ఇచ్చటనే మన ధర్మప్రశ్న తలయెత్తుచున్నది. చంద్రుడే విత్తును పెంచుననుకొన్నచో బాధ్యత చంద్రునిది. మన భక్తియే విత్తును నాటించుచున్నదని తెలిసినచో బాధ్యత మనదగును.

నాలుగు నెలల క్రిందట ఒకడు మనలను నమ్మి తీగ నాటినాడు. వాడు మన పేరెరుగడు, మనము వాని ఊరెరుగము. అయినను మన యిరువురి నడుమ ఒక ఒడంబడిక గలదు. ఆ తిథినాడు మనము ఉపవసింతుమని వాడు నమ్మెను. ఆ తిథినాటికి వాడు తెచ్చునని మనము నమ్మితిమి. వ్రాతలేని ఈ ఒడంబడికకు చంద్రుడొక్కడే సాక్షి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మనకు మూడు ఋణములు చెప్పబడినవి. తిథిని పాటించువారికి, ఆ తిథిని నమ్మి పంట పెట్టినవారియెడ గూడ ఋణమొకటి కలదనుట అతిశయోక్తి కానేరదు.

ఈ ఋణమును మనము తీర్చుచున్న విధమెట్టిది? బూడిద గుమ్మడికాయ నెలలు నిలువయుండును. ఈ అమావాస్యకు అమ్ముడుపోనిది వచ్చు అమావాస్యకు పనికివచ్చును. పూవు అట్లు కాదు, పత్రి అట్లు కాదు. చవితి మరునాటి ఉదయమున మాచీపత్రికి వెల లేదు. దశమి మరునాడు బంతిరాశిని అడుగువాడుండడు. ఇది తెలిసినవారు కొందరు పండుగనాడు పొద్దుపోవువరకు ఆగి, అమ్మునామె గంప ఖాళీచేసికొని ఇల్లు చేరుటకు ఆత్రపడు వేళకు వచ్చి, సగము ధరకు, పావు ధరకు అడుగుదురు. ఆ మిగిలిన పది రూకలతో కొన్న కర్పూరమును స్వామికి వెలిగింతురు.

దీనియందు దోషమేమి? ధర యనునది ఇరువురి సమ్మతి గదా యని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. బేరము పాపమని ఏ శాస్త్రమును చెప్పలేదు. పొద్దుగూకిన పిదప ధర తగ్గుట సంతధర్మము. ఆ ధరకు కొనినచో ఆమెకు కొంతయైనను చేతికి వచ్చునని కూడ చెప్పవచ్చును. కాని తూకములో ఒకవైపు రేపటికి వాడిపోవు సరుకు గలది, రెండవవైపు రేపైనను కొనగల రొక్కము గలది. వాడిపోవు సరుకు గలవాని సమ్మతి నిండు సమ్మతి కాదు. ఆమె అవసరమును కనిపెట్టి తక్కువ అడుగుట ఒకటి, ఆమె చెప్పిన తగ్గింపు ధరను ఒప్పుకొని తీసికొనుట మరియొకటి. వెలుపలినుండి చూచువారికి రెండును ఒక్కటే. అడిగినవాని మనస్సునకు మాత్రము భేదము తెలియును. ధర్మము ఆ భేదమునందే యున్నది.

న్యాయము ఒకవైపున మాత్రమే పలుకరాదు. పండుగ ఉదయమున ధర పెరిగినంతనే అమ్మువారందరును ఆశపోతులని నిందించువారు గలరు. మిగిలి కుళ్ళిపోవు సరుకు నష్టమును గూడ ఆ ఉదయపు ధరలోనే రాబట్టుకొనవలెనని వారు తలంపరు. అట్లే అమ్మువారికిని నియమము గలదు. నిన్నటి పూలపై నీరు చల్లి నేటివని చెప్పుట, పుచ్చిన విత్తనము నిచ్చి, మొలవనపుడు మీరు నాటిన తిథి మంచిది కాదనుట అధర్మము. తిథిని అడ్డుపెట్టుకొని తప్పించుకొనువాడు కొనువాడైనను, అమ్మువాడైనను దోషియే. చంద్రుడు మారుపలుకడు గనుక అతనిపై నింద మోపుట సులభము.

నాకు విశ్రాంతి, వానికి పస్తు

అమావాస్య నియమమును గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. ఆనాడు అరక కట్టకుండుటవలన ఎద్దునకు నెలకొకమారు విశ్రాంతి లభించుచున్నది. నోరులేని జీవమునకు సెలవునిచ్చిన ఆచారము దయాపూర్ణమైనది. నేలను నమ్మినవానికిని ఆనాడు తీరిక దొరకును. ఇట్టి ఆచారమును చంద్రుని ప్రభావము రుజువు కాలేదను కారణమున త్రోసివేయువాడు వివేకి కాడు.

కాని యజమానికి విశ్రాంతియైనది కూలివానికి పస్తు కారాదు. అమావాస్య గనుక నేడు పనిలేదు పొమ్మనిన ఇంటిలో, ఆనాడు కూలివాని పొయ్యి వెలుగుటయు సందేహమే. మూట మోసిననే కూలి దొరకెడి హమాలీకి తిథులు లేవు. వాని ఆకలి పాడ్యమికి పెరిగి అమావాస్యకు తరుగునది కాదు. ఎద్దునకు సెలవిచ్చిననాడు గడ్డి మానివేయుదుమా? మనుష్యుని విషయమున గూడ ఆ మాత్రపు వివేకము ఉండవలెను. తిథి నిమిత్తమై ఒకని పనిని నిలిపినవాడు, శక్తికొలది ఆనాటి కూలినో, కనీసము భోజనమునో ఇచ్చినచో ఆ నియమము సంపూర్ణమగును.

దీనినిబట్టి యొక నియమమును ఏర్పరచుకొనవచ్చును. తిథి నాచేత ఏదైన వదలింపజేసినచో అది వ్రతము. ఇతరులచేత వదలింపజేసినచో, నేను వారికి బాకీపడియున్నాను. ఏకాదశినాడు నేను అన్నమును మానుట నా యిష్టము. నా పున్నమి నమ్మకమునకై కౌలురైతును పదును పోగొట్టుకొమ్మనుట నా అధికారము కాదు. తెలియనిదానిని తెలిసినట్లు పిల్లలకు బోధించుటయు ఇట్టిదే. పెద్దలు ఇట్లు చెప్పెడివారు, ఇంతవరకు ఇది రుజువు కాలేదు, అయినను దీనివలన మనకొక క్రమము ఏర్పడుచున్నది అని చెప్పినచో భక్తికి లోటురాదు, సత్యమునకును లోటురాదు. సత్యమును దాచి కాపాడవలసినంత బలహీనమైనది కాదు మన ధర్మము.

పెరటిలో శుక్ల పంచమినాడు తులసిని, కరివేపను నాటుకొనదలచినవారు నిరభ్యంతరముగా నాటుకొనవచ్చును. మంచి దినమని యెంచి నాటిన మొక్కయెడ మనకు శ్రద్ధ హెచ్చును. దినదినము నీరు పోయుదుము, పురుగును చూతుము. ఆ శ్రద్ధయే మొక్కను పెంచును. ఆ శ్రద్ధను నేర్పినందులకు తిథికి నమస్కరింపవచ్చును. తిథిని చూచి నాటి, నీరు పోయ మరచినవాని మొక్కను ఏ పంచమియు రక్షింపలేదు.

భగవంతుడు కోరినది ఒక ఆకు, ఒక పూవు, ఒక పండు, కొంచెము నీరు. ఇంత స్వల్పముతో తృప్తిచెందువానికి గంపలకొలది కొని, సగము వాడకయే పారవేయుట సేవ కానేరదు. కొలదిగా కొనుడు, తగిన వెల ఇచ్చి కొనుడు, కొన్నదానిని వ్యర్థము చేయకుడు. రానున్న పర్వమునకు మోండా మార్కెట్టునకో, తమ యూరి సంతకో వెళ్ళు ఆస్తికులు, గంప ముందర కూర్చున్న తల్లిని ధర అడుగునపుడు, మన ఈ ఒక్క తిథికై పల్లెలో ఎవరో ఎన్ని మాసముల క్రిందటనో నడుము వంచిరని ఒక్క క్షణము తలంచెదరుగాక. ఆ తలంపుతో చెల్లించిన వెలయు స్వామికి చేరిన పూజయే యగును.